ఒంటిగంట నుంచి నాలుగు దాకా

మా చెల్లెలి ఆవు పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. ఉద్యోగ విరమణ చేసి నేను వాళ్లింట్లో దిగిన వారానికే అది నాలుగుకు పడిపోయింది.

"నీ కన్నే అన్నయ్యా! నువ్వు కొట్టంలో కాలుపెట్టిన దగ్గర్నుంచే ఇలా ఉంది. శుక్రవారం బేరగాడొస్తున్నాడు, అమ్మేస్తా" అంది చెల్లెలు. దూడగా ఉన్నప్పటి నుంచి పెంచిన ఆవు.

ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. తేలు కుట్టినట్లయింది.

"చూపుకే అంత శక్తి ఉంటే పరీక్ష హాల్లో నా చూపుకి ఎంతమంది ఎండిపోవాలే! ఇది వేడి. వేడికి ఆవు పడుకోదు, నిలబడి రొప్పుతుంది, మేత ముట్టదు. మేత లేందే పాలెక్కడివి?"

"పక్కింటి ఆవుకి మాత్రం ఎండ లేదా? అది బిందె నింపుతోందిగా!"

ప్రశ్నలో తర్కం ఉంది. అందుకే నాకు నచ్చలేదు.

"శుక్రవారం దాకా ఆగు. నిరూపిస్తా."

కాగితం, గడియారం పట్టుకుని ఆవు శ్వాసలు లెక్కపెట్టాను. ఉదయం నిమిషానికి నలభై. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎనభై. నాలుగు దాటగానే మళ్లీ తగ్గుముఖం. బయట ఎండ మాత్రం ఐదింటికీ మాడుస్తూనే ఉంది! పైగా ఆ మూడు గంటలూ కొట్టంలో చల్లగా ఉండేది. అది నాకు స్వానుభవం. భోజనం కాగానే అక్కడే పడక్కుర్చీ వేసుకుని, ఆవు కోసం బిగించిన పెద్ద ఫ్యానును నావైపు తిప్పుకుని చదువుకునేవాణ్ణి. నాలుగింటికి కాఫీకి లేస్తూ, బాధ్యత గల మనిషిని కనుక, మళ్లీ ఆవువైపు తిప్పేవాణ్ణి.

పెన్సిలు అక్కడ ఆగిపోయింది.

ఆనాటి నుంచి ఫ్యాను ఆవుకే వదిలేసి గదిలో కూర్చుని ఉడికిపోయాను. ఆవు పడుకుని నెమరు వేసింది. శుక్రవారం ఉదయం కొలిస్తే అయిదు లీటర్లు.

బేరగాడు పలుపు మీద చెయ్యి వేసేసరికి నోరు విప్పక తప్పలేదు.

"ఆగండి! చెల్లీ, తప్పు కంటిది కాదు, ఫ్యానుది."

"ఫ్యాను తిప్పిందెవరు?"

"నేనే. అయినా కారణం వేడే, దృష్టి..."

"మరి నేను మొదట్నుంచీ ఎవర్నన్నాను?" అంటూ ఆమె పలుపు లాక్కుని బేరగాడివైపు తిరిగింది. "ఆవుని అమ్మను. కావాలంటే మా అన్నయ్యని తోలుకుపోండి."

అతడు నన్ను ఎగాదిగా, వృత్తి ధర్మంగా పరీక్షించాడు.

"మేత ఎంత తింటాడమ్మా?"