గంతల విందు

ముందే చెప్పుకుంటున్నాను. ఇందులో ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పిపోయి ఉంటే మీరే సర్దుకుని చదువుకోండి. అక్షరాలు నా చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. నేను ఒక్క పేజీ రాసేలోపు మీరు ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, గిన్నెలు కూడా తోమేసుకోగలరు. ఆ లెక్క నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నేను చేసింది ఆ రెండో పనే.

ఆ శనివారం పొద్దున నేను గంతలు కుడుతూ కూర్చున్నాను. కళ్ళకు కట్టుకునే గంతలు. పోయిన మా ఆయన నల్లకోటు బీరువాలో ఊరికే వేలాడుతుంటే దాని గుడ్డ కత్తిరించాను. తిన్నగా పట్టీలా కుడితే ముక్కు పక్క నుంచి వెలుతురు వచ్చేస్తుంది. నేనే ఒకటి కట్టుకుని చూస్తే నా కాలివేళ్ళు కనపడ్డాయి. అందుకని ముక్కు దగ్గర చిన్న కుచ్చు పట్టి, లోపల దూది పెట్టి కుట్టాను. మా కోడలు కట్టుకుని చూసి, "సూపర్ అత్తయ్యా! ఇప్పుడు నిజంగానే ఏమీ కనపడట్లేదు" అంది.

మా ఇంట్లో నెలకో విందు జరుగుతుంది. స్నేహితులు, బంధువులు, ఆఫీసు వాళ్ళు వస్తారు. ప్రతిదానికీ ఒక థీమ్ ఉంటుంది. ఒకసారి అంతా తెలుపు. తెల్ల బట్టలు, తెల్ల పూలు, తిండి కూడా తెల్లగానే ఉండాలి. కాస్త పసుపు రంగు తిరిగిందని ఒక కేకు మళ్ళీ చేయించింది కోడలు. ఇంకోసారి వానాకాలం. హాలు నిండా తెరిచిన గొడుగులు వేలాడదీసి, వాటి మీద నీళ్ళు చిలకరించారు. ఆ నీళ్ళలో సూప్ గిన్నెతో నేను జారిపడ్డాను. మరోసారి పాతకాలపు ఇల్లు. నాకు లాంతరు ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడమన్నారు. వచ్చినవాళ్ళలో ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకుని, "అబ్బ, ముసలావిడ కూడా ఎంత బాగా కుదిరిందీ! ఎక్కణ్ణించి తెచ్చారు?" అన్నాడు. మా అబ్బాయి నవ్వేశాడు. మా అమ్మ అని ఆయనకి చెప్పాడో లేదో నాకు తెలియదు. అప్పటికే ఓవెన్ గంట మోగితే లాంతరు పట్టుకునే వంటింట్లోకి పరిగెత్తాను.

థీమ్ అన్న మాట కొత్తగానీ విందులు నాకు కొత్త కాదు. మా ఆయన ప్రెస్సులో ఫోర్‌మన్. ఆదివారం వచ్చిందంటే పేకముక్కలూ, స్నేహితులూ. "అందరూ మనవాళ్ళేనే" అనేవాడు. మనవాళ్ళు తిన్న పళ్ళాలు మాత్రం నావి. ఒకరోజు ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఒక కుర్ర కంపోజిటర్ నా వంక చూసి, "వదినగారూ, మీరూ మాతో కూర్చోండి" అన్నాడు. మా ఆయన వెంటనే, "ఆవిడ కూర్చుందంటే మనమంతా లేవాలయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రవాడొక్కడే నవ్వలేదు, మళ్ళీ రాలేదు కూడా. లోపల మా అత్తగారు, "వడ్డించే చేతికి ఆకలెయ్యకూడదు" అనేది. ఆ మాట నాకు కోపంతో చెప్పలేదు, ఇంటి గుట్టేదో అప్పగిస్తున్నట్టు మెల్లగా చెప్పింది. ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది, చల్లారింది, నిలబడి తినేదాన్ని. నా వంట రుచి వాళ్ళ మొహాల్లో చూసి తెలుసుకోవడమే తప్ప నా నోటికి ఎప్పుడూ సరిగా తెలియలేదు.

ఆయన పోయాక, మా వీధి చివర లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారని విని వెళ్ళాను. చెప్పేది రిటైరైన నర్సు. ప్రతి బుధవారం, శనివారం ఐదింటికి. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక ఆవిడ మమ్మల్ని ఎవరి వాక్యం వాళ్ళనే రాయమంది. నా పక్కన కూర్చునే బట్టల షాపు వాచ్‌మన్ "దేవుడు మంచివాడు" అని రాశాడు. నేను చాలాసేపు ఆలోచించి, "నాకు ఉల్లిపాయలు కోయడం ఇష్టం లేదు" అని రాశాను. నర్సమ్మ పైకి చదివింది. ఎవరూ నవ్వలేదు. "మరి ఏం ఇష్టం?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. జవాబు కోసమే ప్రతి బుధవారం, శనివారం ఆ మెట్లు ఎక్కుతున్నాను. మోకాళ్ళు వద్దంటున్నా ఎక్కుతున్నాను.

ఇంతకీ ఆ శనివారం మధ్యాహ్నం గంతల విందు ఎందుకంటే, హాలావిడ కోసం. పెద్ద వీధిలో ఆవిడకో హాలు ఉంది. అందులో ఇలాంటి విందులు నడపడానికి మనిషి కావాలట. కోడలికి ఆ పని దొరికితే ఆఫీసు మానేస్తుంది. మానెయ్యాల్సిందే కూడా. ఆఫీసులో పైఅధికారి మాటలు పడీపడీ, ఇంటికొచ్చాక గుమ్మం బయట స్కూటర్ మీదే కూర్చుని, మొహం తుడుచుకుని లోపలికొచ్చే పిల్లని నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి మంచి కోరుకోనిదాన్ని కాదు. "కుదిరితే వారానికి రెండుసార్లు ఉంటుందత్తయ్యా" అంది. "ఏ రోజులు?" అన్నాను. "అబ్బా, అవన్నీ తర్వాత చూద్దాం. ఇవాళ మాత్రం నాలుగింటికల్లా అయిపోతుంది, మీ క్లాసుకి ఏం అడ్డం రాదు." ఆ 'తర్వాత చూద్దాం' చెవిలో చీమలా దూరింది. మా ఆయన నలభై ఏళ్ళు తర్వాతే చూశాడు.

హాలావిడ ఆలస్యంగా వచ్చింది. మూడు దాటింది. వాళ్ళాయన రాలేదు, ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ప్రతి విందుకీ వచ్చే పళ్ళ డాక్టరూ, మా అబ్బాయి ఆఫీసు వాళ్ళూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. అందరూ గంతలు కట్టుకుని, వడ్డించింది రుచి చూసి అదేమిటో చెప్పాలి. అదీ ఆట. "హోస్టులు కూడా కట్టుకోవాల్సిందే, లేకపోతే దొంగాట" అంది హాలావిడ. దాంతో కోడలూ, అబ్బాయీ కూడా కట్టుకున్నారు. ఆ గదిలో కళ్ళున్నది నాకొక్కదానికే.

సూప్ పోస్తూ చుట్టూ తిరిగాను. కళ్ళు కట్టేసుకున్న మనుషుల్ని చూడటం చిత్రంగా ఉంటుంది. ఎప్పుడూ మర్యాదగా తినే పళ్ళ డాక్టరు గిన్నెలో వేలు ముంచి నాకాడు. ఒకడు టేబుల్ గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు.

"క్యారెట్!"

"క్యారెట్ ఇంత తియ్యగా ఉంటుందా? గుమ్మడికాయ."

"నీ మొహం, నువ్వెప్పుడైనా గుమ్మడికాయ తిన్నావా?"

"అమ్మాయ్, ఉద్యోగం చేసుకుంటూ ఇంత వంట ఎలా చేస్తావు?" అంది హాలావిడ.

"పొద్దున్నే లేచి చేసేస్తానండీ. ఇష్టమైన పనికి కష్టమేముంది?" అంది కోడలు.

నేను ఆ పిల్ల భుజం వెనకాలే గరిటెతో నిలబడి ఉన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, కళ్ళకి గంత కట్టుకునేసరికి నేనూ లేననుకుంది కాబోలు. మాటకి బాధపడలేదు. మొదటిసారి విన్నది కాదు. గడియారం చూసుకుంటూ రెండోవైపు వెళ్ళాను.

"సరే, ఇక పని మాట. మా హాలు ఖాళీగా ఉండేది బుధవారం, శనివారం సాయంత్రాలు. మరి కుదురుతుందా?"

కోడలు తడబడింది, అది మాత్రం నిజం.

"ఆ రోజులంటే... మా అత్తయ్యకి ఏదో క్లాసుంటుందండీ."

"మీ అత్తయ్యకీ దీనికీ ఏం సంబంధం?"

"అంటే... కొంచెం చేతి సాయం."

మా అబ్బాయి అందుకున్నాడు. "అదో పెద్ద విషయం కాదు మేడమ్. కాలక్షేపానికి వెళ్తుంది, మాన్పించేద్దాం. అమ్మ ఎక్కడికి పోతుందండీ, వంటింటి కుందేలు!"

అందరూ నవ్వారు. నల్లగంతల కింద తెల్లటి పళ్ళు. ఈ మాటన్నవాడికి నేను పాలిచ్చాను, జ్వరమొస్తే చంకనేసుకుని తిరిగాను, అవన్నీ గుర్తు రావాలి కదా, రాలేదు. నాకు లైబ్రరీ మెట్లు గుర్తొచ్చాయి. మాన్పించేద్దాం అన్నాడు. పాలవాణ్ణి మాన్పించినట్టు, పేపర్ మాన్పించినట్టు. వాడి గొంతులో ద్వేషం లేదు. అదుంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. వాడు ప్రేమగానే అన్నాడు. ఇంట్లో ఉన్న వస్తువు మీద ఉండే ప్రేమ. ఇప్పుడు నోరు తెరవకపోతే రేపు ఆ మేడ మీద నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుందో తెలుసు. "అమ్మకి బీపీ పెరిగింది" అంటారు.

గరిటె గిన్నెలో పెట్టాను. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ముందున్న గిన్నెలో సూప్ పోసుకుని చెంచా నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. నా వంట ఇంత వేడిగా ఉంటుందా అనుకున్నాను. మిరియాలు కొంచెం ఎక్కువ వేశాను. బాగుంది.

పక్కనున్న పళ్ళ డాక్టరు తల తిప్పాడు. "ఎవరో కొత్తగా వచ్చినట్టున్నారే?"

"ఇప్పుడే వచ్చాను" అన్నాను మెల్లగా.

"నేను డెంటిస్టునండీ. మీరేం చేస్తుంటారు?"

"చదువుకుంటున్నాను."

"గొంతు కాస్త పెద్దావిడలా ఉంటేనూ..."

"పెద్దదాన్నే."

"భలే! పీహెచ్‌డీయా?"

"ఇంకా వాక్యాల దగ్గరున్నాను" అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో, గౌరవంగా తలూపాడు.

గిన్నెలు ఖాళీ అయ్యాయి. "అత్తయ్యా, రెండోది తెచ్చెయ్యండి" అని కోడలు వంటింటివైపు తిరిగి పిలిచింది. నేను చెంచా నోట్లోంచి తియ్యలేదు. "అత్తయ్యా?" ఈసారి గొంతు కొంచెం పెరిగింది. ఎవరో దగ్గారు. మా అబ్బాయి, "అమ్మా! ఎక్కడున్నావ్?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను. భోంచేస్తున్నాను."

గంతలు కట్టిన మొహాలన్నీ ఒకేసారి నావైపు తిరిగాయి. ముందు గంత లాగేసుకున్నది మా అబ్బాయే. నేను కుర్చీలో కూర్చుని ఉండటం చూసి వాడి మొహం పాలిపోయింది. "ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. ఆడది కూర్చుందంటే జబ్బు చేసిందనే అనుకుంటారు.

"బాగానే ఉంది. బుధవారం, శనివారం నాకు క్లాసుంది. ఆ రోజుల్లో నేను వండను."

హాలావిడ గంత నుదుటి మీదికి తోసుకుంది. "ఒక్క నిమిషం. ఈ వంట ఎవరిది?"

కోడలు గంత విప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. గుడ్డ కింద పెదవి కొరుక్కుంటోంది. ఆ పిల్లని చూస్తే నాకు జాలేసింది. ఇప్పుడు నేను కాస్త తగ్గితే, "ఇద్దరం కలిసి చేశాం" అంటే, పరువు నిలబడుతుంది. నా బతుకంతా అలాంటి మాటల మీదే నిలబడింది.

"వంట నాది" అన్నాను. "ఈ గంతలు, వడ్డన కూడా నావే. ఆలోచన మాత్రం మా కోడలిది. అందరినీ పిలవడం, నవ్వించడం, ఇవన్నీ అమర్చడం నాకు చేతకాదు, అది తనకే వచ్చు."

"మరి వేరే రోజులైతే చేస్తారా?"

"వేరే రోజులైనా నన్ను అడగాలి. నన్నింకా ఎవరూ అడగలేదు."

హాలావిడ ముందుకి వంగింది. "ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"ఇప్పుడు నాకు టైమైపోతోందమ్మా" అని లేచాను. మా అబ్బాయి భుజం తట్టి, "ఓవెన్‌లో చేప ఉందిరా. గంట మోగగానే తియ్యాలి. ఒట్టిచేత్తో పట్టుకోకు" అని చెప్పి, చెప్పులేసుకుని బయటికొచ్చాను. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని వీధి మలుపు దాకా చెవులు వెనక్కే పెట్టి నడిచాను.

తిరిగొచ్చేసరికి మాడు వాసన మెట్ల దాకా వచ్చింది. మా అబ్బాయి సింక్ దగ్గర ట్రే గీకుతున్నాడు. "అమ్మా, ఇది వదలట్లేదు" అన్నాడు చిన్నపిల్లాడిలా. "నానబెట్టు" అన్నాను. నేను తీసుకుంటానని కాబోలు ట్రే నావైపు కొంచెం జరిపాడు. నేను మంచినీళ్ళు తాగి నా గదిలోకి వెళ్ళిపోయాను. కోడలు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అందరిలో నా తల కొట్టేసినంత పని చేశారు అత్తయ్యా."

"తెలుసు."

"ముందే నాతో ఒక్క మాట చెప్పుంటే..."

"ఏ రోజులు అని అడిగానమ్మాయ్."

ఆ తర్వాత కోడలు చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం సయించేది కాదు నాకు. తప్పు చేశానా అని పడుకున్నప్పుడల్లా తవ్వుకునేదాన్ని. క్లాసు మాత్రం మానలేదు.

మొన్న కూరగాయలు సంచిలోంచి తీస్తుంటే కోడలు పక్కనే వచ్చి నిలబడింది. ఒక ఉల్లిపాయ తీసుకుని, కత్తి ఎటు పట్టుకోవాలో చూసుకుని, పొట్టు ఒలవడం మొదలుపెట్టింది. నావైపు చూడకుండానే, "హాలావిడ మళ్ళీ ఫోన్ చేసింది. గురువారాలు ఖాళీ చేసి ఇస్తుందట. మీకు కుదురుతుందా అత్తయ్యా?" అంది.

"కుదరదు" అన్నాను.

నిజానికి గురువారాలు నాకే పనీ లేదు. అడిగినప్పుడు కాదంటే ఎలా ఉంటుందో ఒక్కసారి రుచి చూద్దామనిపించింది.

ఇట్లు,
క్లాసులో అందరూ పెద్దక్క అని పిలిచే నేను. వయసు అరవై మూడు. ఉండేది ఆ ఇంట్లోనే, కొడుకూ కోడలూ వంట నేర్చుకుంటున్న ఇంట్లో.