సూర్యకాంతం కొన్న ఛార్జరు

మధ్యాహ్నం భోజనాలయ్యాక కళింగపట్నంలో బేరాలుండవు. రంగనాథం పప్పుబస్తాల పక్కన చాప వేసుకుని కునుకు తీసేవాడు. అతని భార్య సూర్యకాంతం కొట్టు తలుపులు ఓరగా వేసి, పడవని చంకనెత్తుకుని, వంశధార సముద్రంలో కలిసే చోటికి నడిచి వెళ్ళేది.

పడవంటే రెండు మూరల కర్ర పడవ. ఓడల్లో వైర్‌లెస్ పనిచేసే ఆవిడ తమ్ముడు నరసింగరావు అరవై అయిదులో ఏదో దూరదేశం రేవులో సరదాపడి కొనుక్కొచ్చాడు. మళ్ళీ ఓడెక్కుతూ అక్క దగ్గర వదిలి వెళ్ళాడు. దాని కడుపులో చిన్న మోటారు, మోటారుసైకిళ్ళకి వాడే ఆరు వోల్టుల బ్యాటరీ ఉంటాయి. ఒడ్డున నిలబడి రేడియో డబ్బా మీద మీట ఒకసారి నొక్కితే పడవ కుడికి తిరుగుతుంది, రెండుసార్లు నొక్కితే ఎడమకి. నలభై ఏళ్ళ షావుకారమ్మ బొమ్మపడవ ఆడిస్తోందని మొదట్లో ఊరు నవ్వింది. మూడేళ్ళయ్యేసరికి నవ్వడం మానేసింది.

ఇంట్లో కరెంటున్నా ఛార్జరు లేదు, అంచేత బ్యాటరీ నీరసించినప్పుడల్లా ఆవిడ సినిమా డేరాకి తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టించేది. బ్యాటరీలు కరెంటు తాగుతున్నంతసేపూ తాము తిరిగిన చోట్లు గొణుగుతూ ఉంటాయి కదా. లారీ బ్యాటరీ సాలూరు ఘాటులో మలుపులన్నీ ఒప్పచెబుతుంది. మైకుసెట్టు బ్యాటరీ ఏ పెళ్ళిలో ఎవరు అలిగి లేచి వెళ్ళిపోయారో చెబుతుంది. అయితే డేరావాళ్ళది పెద్ద ఛార్జరు, గంటలో నింపి పారేస్తుంది. దానిమీద ఏ బ్యాటరీ మాటైనా ముద్దముద్దగానే వచ్చేది. ఎవరూ చెవి పెట్టేవారు కాదు.

అరవై ఎనిమిది ఆశ్వయుజంలో వంశధార పొంగింది. వరద తీశాక చూస్తే నది నోరు ఇసకతో పూడుకుపోయి ఉంది. నీరు పోతోంది గాని ఎటు లోతో, ఎటు మెరకో తెలియదు. పైన అంతటా ఒకటే నురగ. పది పడవలు నదిలోనే చిక్కుబడిపోయాయి. పడవలవాళ్ళకి పెద్ద అసిరయ్య, నలభై ఏళ్ళు ఆ నోట్లోంచి రాకపోకలు చేసినవాడు, రెండుసార్లు దారి వెతకబోయాడు. రెండోసారి అతని సొంత పడవ మెరకెక్కి, కెరటం దెబ్బకి రెండు చెక్కలైంది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. ఇరవై రోజులు వేట లేదు. చేపలు ఎండబెట్టే ఇసక దిబ్బ మీద కాకులు కూడా వాలడం మానేశాయి. కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు శేరు బియ్యం అడిగేవారల్లా సోలెడు అడుగుతున్నారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు డేరాలో సూర్యకాంతం బ్యాటరీ కోసం కూర్చుని ఉంది. గొణుగుడులో నాలుగు ముక్కలు చెవిని పడ్డాయి. “...లోతు... ఎడమకి... చల్లగా...” ఆ తరవాత గొంతు పొలమారినట్టయి ఆగిపోయింది. ఆవిడ బ్యాటరీ మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. “దానికి దారి తెలుసండీ. రోజూ ఆ నోట్లోనే కదా తిరుగుతున్నాది. సెప్పనిచ్చే ఛార్జరే మనకి లేదు.”

“అయితే కొంటావా ఏటి?”

“కొంటాను. విజయనగరం వెళ్ళొస్తాను.”

రంగనాథం ఆవిడ మొహం చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. “మొదటి బస్సుకెళ్ళు, కూకోడానికి సోటుంటాది” అన్నాడు.

బ్యాటరీని వెదురుబుట్టలో పెట్టుకుని, ఆసిడు ఒలక్కుండా ఒళ్ళో పట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్ళింది. విజయనగరంలో స్టేషనుకి వెళ్ళే దారిలో ఎల్లాజీ బ్యాటరీ షాపు. గోడ పొడుగునా బ్యాటరీలు ఛార్జింగులో ఉండి గుడిలో పారాయణంలా గొణుగుతున్నాయి. ఎల్లాజీ ఆవిడకి స్టూలు వేసి, బ్యాటరీ మూతలు విప్పి లోపలికి చూశాడు.

“ఎవరమ్మా దీన్నిలగ ఉడకబెట్టీసినారు? పలకలు సగం కాలిపోనాయి. నీళ్ళూ లేవు.” శుద్ధినీళ్ళు పోసి, తన దగ్గరున్న ఛార్జర్లు మూడూ బల్లమీద పెట్టాడు.

మొదటిది బొంబాయి నుంచి వచ్చిన ఎర్రటి ఇనప డబ్బా. గంటన్నరలో నింపుతుందన్నాడు. తగిలించగానే అది హోరున మోగింది. బ్యాటరీ గడగడా ఏదో చెప్పింది, ఒక్క మాటా విడిగా లేదు. సూర్యకాంతం దానిమీద చెయ్యి పెట్టి, వేడి తగలగానే తల అడ్డంగా ఊపింది.

రెండోది ఓడల వాళ్ళ దగ్గర్నించి వచ్చిన సీమసరుకు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నిండిందనుకోగానే దానంతటదే ఆగిపోతుంది, కావలి ఉండక్కర్లేదు. ఆవిడకి మనసయింది. బ్యాటరీ నెమ్మదిగా మొదలుపెట్టింది. “ఒడ్డు దాటాను. ఇసక తగిలింది. కుడికి...” టక్కున ఛార్జరు దీపం ఆరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అక్కడే ఆరింది.

“పాత బ్యాటరీ కదమ్మా, అది నిండిపోయిందనుకుంటున్నాది. కొత్తదైతే ఇది బాగా పనిచేస్తాది.”

మూడోది ఎల్లాజీ సొంతంగా తీగ చుట్టి చేసిన చెక్కపెట్టె. ముందు ఒక ముల్లు, ఒక మర. “ఎనిమిది ఆంపియర్లు పట్టే బ్యాటరీకి అందులో పదో వంతు కంటే మించి పట్టించకూడదు. ఇది అంతకన్నా తక్కువ ఇస్తాది. కాకపోతే పగలంతా పడతాది. మజ్జలో మీరే సూసుకోవాల. దీన్నెవరూ కొనరమ్మా, అందరికీ తొందరే.”

తగిలించాడు. హోరు లేదు, వేడి లేదు. ముల్లు కొంచెం కదిలి నిలిచింది. కాసేపటికి బ్యాటరీ, జ్వరం తగ్గిన మనిషిలా, మూడేళ్ళ కిందటి మొదటి రోజు నుంచి ఎత్తుకుంది. సూర్యకాంతం సాయంత్రం దాకా స్టూలు మీంచి లేవలేదు. షాపు కట్టేసే వేళకి, “ఇదే ఇవ్వండి” అంది.

మర్నాడు నది ఒడ్డున అసిరయ్యకి సంగతంతా చెప్పింది. అతను విరిగిన పడవ చెక్కల మీద కూర్చుని ఉన్నాడు.

“బేటరీ అబద్దమాడదు తల్లీ, నానెరుగుదును. గాని నీ పడవకి జానెడు నీళ్ళు సాలు. మా పడవలకి రెండు మూరలు కావాల. దాని దారి మాకెలగ పనికొస్తాది?”

ఆవిడ ఇంటికెళ్ళి కొట్టులో కూర్చుంది. పప్పు తూస్తూ తూస్తూ చేతిలో తూకపురాయి వైపు చూసి, తూకం అక్కడే వదిలేసి లేచింది. రెండు మూరల తాడుకి ఆ రాయి కట్టి పడవ అడుక్కి వేలాడదీసింది. లోతున్న చోట రాయి ఊగుతూ వెళ్ళిపోతుంది. మెరక ఉన్న చోట ఇసకలో ఈడ్చుకుంటుంది, మోటారు రొప్పుతుంది, ఆ రొప్పు బ్యాటరీకి తెలుస్తుంది. ఒడ్డున ఉన్న మనుషులకి నురగ తప్ప ఏమీ కనపడదు.

అయిదు రోజులు ఆవిడ అలా పడవని నోట్లోకి పంపింది. సాయంత్రం నీటిలోకి, మర్నాడు పగలంతా చెక్కపెట్టె మీదికి. అసిరయ్య కొట్టు అరుగు మీద బ్యాటరీకి చెవి ఆనించి కూర్చునేవాడు. చుట్ట ఆరిపోయినా చూసుకునేవాడు కాదు. మొదటి రెండు రోజులూ అన్నీ రొప్పులే. మూడోనాడు పడవ రాయితో సహా ఇసకలో కూరుకుపోతే, రంగనాథం పంచె ఎగ్గట్టి, ఛాతీ లోతు నీళ్ళలోకి దిగి తెచ్చిపెట్టాడు. అయిదోనాటి బ్యాటరీ పొద్దుటే మొదలుపెట్టింది.

“దక్షిణం ఒడ్డు పక్కనించి వెళ్ళాను. తేలిగ్గా ఉంది. కుడికి తిరిగాను. తేలిగ్గానే ఉంది. ఎదురుగా రెండు కెరటాలు విరుగుతున్నాయి, వాటి మధ్యన నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎడమకి. మళ్ళీ ఎడమకి. తేలిక. తేలిక. ఇంక కింద ఏమీ లేదు.”

అసిరయ్య తీగలు ఊడదీయించి, మళ్ళీ పెట్టించి, అదే మూడుసార్లు విన్నాడు. లేచి నిలబడి, చెవి తుడుచుకుని, “రేపు పోటు మీద బయల్దేరతాం. నువ్వూ రావాల” అన్నాడు.

“నేనెందుకు బావూ?”

“ఇన్నదానికీ, అక్కడ కెరటంలో గుర్తుకొచ్చినదానికీ తేడా ఉంటాది. నాకొకటి గురుతుంటే నీకొకటి గురుతుంటాది.”

మర్నాడు పొద్దెక్కాక ఊరంతా ఒడ్డునే ఉంది. ముందు అసిరయ్య పడవ, అంటే అతని అల్లుడిది, వెనక మిగతా ఎనిమిదీ వరసన. సూర్యకాంతం చీరచెంగు నడుముకి బిగించి అసిరయ్య పక్కన కూర్చుంది. దక్షిణం ఒడ్డు దాటారు. కుడికి తిరిగారు. రెండు కెరటాలూ తెల్లగా, మనిషెత్తున లేచి విరుగుతున్నాయి. అతని పడవ పగిలింది సరిగ్గా అక్కడే. అసిరయ్య చుక్కాని తెడ్డు తిప్పలేదు.

సూర్యకాంతం పక్కకి వంగి నీళ్ళలో చెయ్యి ముంచింది. గోరువెచ్చగా ఉన్న నీళ్ళు ఒక్కసారి చల్లబడ్డాయి. “ఇక్కడే బావూ. ఎడమకి” అంది. “మళ్ళీ ఎడమకి.”

అతను తిప్పాడు. కెరటాలు అటూ ఇటూ విరిగాయి. పడవ కింద ఇసక గీసుకోలేదు. ఒక పెద్ద ఊపుతో ముక్కు పైకి లేచి, దిగి, నీలం నీళ్ళ మీద నిలిచింది. వెనక ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. అసిరయ్య వేలితో చూపిస్తూ తొమ్మిదీ లెక్కపెట్టాడు. ఒడ్డునించి కేకలు గాలికి తెరలు తెరలుగా వినిపించాయి. ఎనిమిది పడవలు వలలు సర్దుకుంటూ విడిపోయాయి.

అసిరయ్య ఆవిణ్ణి ఇంటి దగ్గర దించడానికి పడవని నోటివైపు తిప్పాడు. తిప్పి, తెడ్డు వదిలేసి పక్కకి జరిగాడు.

“తోవ నీకే బాగా తెలుసు. నువ్వే పట్టు, తల్లీ.”

ఆవిడ ఊరివైపు చూసింది. పుట్టి నలభై ఏళ్ళకి పైగా ఆ ఊళ్ళో ఉండి, సముద్రం మీంచి దాన్ని ఎన్నడూ చూడలేదు. దీపస్తంభం, కొబ్బరిచెట్లు, ఒడ్డున చీమల బారులా మనుషులు, అందులో ఎక్కడో రంగనాథం. రెండు కాళ్ళూ దూరంగా పెట్టి లేచి నిలబడి, తెడ్డు పట్టుకుని, పడవని కెరటాల మధ్యకి పోనిచ్చింది.