పాలరాతి స్తంభం

రేణు టర్కీ నుంచి పంపిన మూడో కేసెట్ అమెరికాలో పిస్కాటవే చేరడానికి పదకొండు రోజులు పట్టింది. పొద్దున ఆరు కాకముందే వసుమతి దాన్ని వంటింట్లో పెట్టుకుని వింటోంది.

ఆర్కిటెక్చర్ చదివే కూతురు ఆ వేసవిలో ప్రొఫెసర్‌తో కలిసి, ఒక చిన్న ఊళ్లో నాలుగు వందల ఏళ్ల నాటి ఒట్టోమన్ సుల్తానుల మసీదు కొలతలు తీస్తోంది. దాని వాకిలి పక్కన, గోడ గూట్లో, సన్నని పాలరాతి స్తంభం ఒకటుంది. కట్టినవాళ్లు కావాలనే దాన్ని వదులుగా నిలబెట్టారు. చేత్తో తిప్పితే తిరిగినంతకాలం కట్టడం కదలకుండా ఉన్నట్టు.

మొదటి కేసెట్‌లో రేణు నవ్వింది. "ఒక్క వేలితో తిరిగింది అమ్మా, అమ్మమ్మ తిరగలి లాగా!" రెండో దాంట్లో రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఇప్పుడు, "స్టక్ అయిపోయింది అమ్మా. ప్రొఫెసర్ జస్ట్ డస్ట్ అన్నాడు. సారీ, ఆ నాయిస్ కొత్త బోరు మోటార్. ఆల్ డే నీళ్లు తోడతారు."

వసుమతి టేపు ఆపింది. ఆ మసీదు మీద రేణు రాసిన పేపర్ టైప్ చేసింది తనే. ఒక్క అక్షరం తప్పు పడితే పేజీ మొత్తం మళ్లీ కొట్టే మనిషి, అందులో ఉన్నదంతా గుర్తుంది. ఏటి ఒడ్డున మెత్తటి నేల గనుక పునాది కింద వందల దుంగలు దిగ్గొట్టారు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం అవి పుచ్చవు.

ఇప్పుడా నీళ్లే తోడేస్తున్నారు. పునాది కుంగి, గోడ వచ్చి స్తంభం నెత్తిన కూర్చుంది.

"ఏమండీ, రేణుకి ఫోన్ చెయ్యాలి."

దామోదర్ టై ముడి వేసుకుంటూ విన్నాడు. "అక్కడ ప్రొఫెసర్ ఉన్నాడు కదా. నువ్విక్కడ నిలబడి మసీదు నిలబెడతావా?"

"నిలబెట్టను. పిల్లని బయటికి లాగుతాను."

ఆపరేటర్ నాలుగోసారికి లైన్ కలిపింది. మసీదు ఎదుటి గెస్ట్‌హౌస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట.

"రేణూ, ఆ స్తంభం ఇంకా బిగిసే ఉందా?"

"లేదమ్మా, నో ప్రాబ్లమ్! మార్నింగ్ నుంచి ఫ్రీగా తిరుగుతోంది. నేను టచ్ చేయలేదు, అదే ఊగుతోంది."

"నూనె వేశారా?"

"ఎవరూ ఏం వేయలేదు. పైన గ్యాప్ వచ్చింది. నా పెన్సిల్ పట్టింది."

"దాని అడుగు దిగిపోయింది, తల్లీ. ఇక గోడ నిలవదు. నువ్వు లోపలికి వెళ్లకు. మీ ప్రొఫెసర్ ఏడీ?"

"లోపలే. అందరూ లోపలే అమ్మా, ప్రేయర్ టైమ్."

"వాకిట్లో నిలబడి కేకెయ్యి. గడప మాత్రం దాటకు."

"అక్కడ్నించి అరిస్తే వినరు. నేను వెళ్లాలి."

"రేణూ!"

రిసీవర్ బల్ల మీద పడేసిన చప్పుడు. మెట్ల మీద పరుగు.

"ఏమంటోంది?" అన్నాడు దామోదర్. మాట్లాడొద్దని వసుమతి చెయ్యెత్తింది.

ఆమె రిసీవర్ చెవికి అదిమి పట్టుకుంది. తర్వాత దూరంగా కేకలు, ఒక గుంపు బయటికి తోసుకొచ్చిన అలికిడి. ఆ గొంతుల్లో రేణు గొంతు కోసం ఆమె వెతుకుతుండగానే, ఏదో చాలా బరువైనది నింపాదిగా జారుతున్న చప్పుడు మొదలైంది.