అత్తగారి మోకాళ్ళు, విద్య చుక్కలు

మా అత్తగారు సరోజనమ్మ మోకాళ్ళకి ఎనిమిది నెలలపాటు రోజూ కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె రాసి మర్దనా చేసింది నేను. పేరు కొట్టేసింది మాత్రం కాల్గరీలో ఉన్న నా తోటికోడలు విద్య. మండదూ మరి?

జనవరిలో విద్య బ్రాంప్టన్‌లో మా ఇంటికి వచ్చింది. వస్తూ హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న డబ్బా తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. గంజాయి నూనె. నాలుక కింద రెండు చుక్కలు వేసుకుంటే నొప్పి తెలియదట. ఇక్కడ కెనడాలో గంజాయి నేరం కాదు, దేశం లోపల తిరిగే విమానాల్లో పెద్దవాళ్ళు ఓ పరిమితి వరకు తీసుకెళ్ళొచ్చు, అమెరికా బోర్డర్ మాత్రం దాటించకూడదు అని మాకు పాఠం కూడా చెప్పింది. అంతా లీగలే. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అప్పటినుంచి విద్య ఫోన్ చేసి ఎలా ఉందని అడిగినప్పుడల్లా అత్తయ్యది ఒకటే మాట. "మంచిగుంది బిడ్డ, మస్తు ఆరాం ఉంది." నేను కింద కూర్చుని ఆవిడ పిక్కలు పిసుకుతూ ఆ మాట వినాలి. నాతో ఒక్కనాడైనా అలా అనలేదు మహాతల్లి. నేను నూనె రాయడం మొదలుపెట్టిన పది నిమిషాలకి గురక పెట్టేది, అంతే.

ఆ డబ్బాని ఎప్పుడూ పాత జాకెట్టు ముక్కలో చుట్టి తన సంచిలోనే దాచుకునేది. చుక్కలు బాత్రూంలో తలుపేసుకుని వేసుకుంటున్నానని చెప్పేది. నేను చూడబోతే సిగ్గుపడి లాగేసుకునేది. మహా అపురూపం అనుకుని లోపల్లోపల కుళ్ళుకున్నాను.

మే నెల నుంచి మూడు నెలలు కాల్గరీలో ఉండాలని ఆవిడ అనుకుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి నేను వెళ్ళి దిగబెట్టి రావాలి. సర్దేటప్పుడు ఆ డబ్బా ఇక్కడే వదిలేయమన్నాను. విద్య అడుగుతుంది, పట్టుకుపోవాల్సిందే అని అత్తయ్య పట్టుబట్టింది. నేనేం తక్కువ తిన్నానా? రెండు కిలోల ఆవకాయ కలిపి సీసాకెత్తాను. పెద్ద పెట్టెలో అయితే పగిలిపోతుంది, పైగా దాన్ని విద్య చేతిలో నేనే స్వయంగా పెట్టాలి. అందుకని చేతిసంచిలో, డబ్బా పక్కనే పెట్టాను.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర మా సంచిని పక్కకి లాగారు. డబ్బా దొరికిపోయింది, పీడా పోయింది అనుకుని సిగ్గులేకుండా సంతోషించాను. అక్కడ తనిఖీ చేసే అమ్మాయి ముందుగా ఆవకాయ సీసా తీసింది. తడి వస్తువులు అంత ఎక్కువ తీసుకెళ్ళకూడదని చెప్పి, నా కళ్ళముందే చెత్తడబ్బాలో పడేసింది. తర్వాత జాకెట్టు ముక్క విప్పింది. మేం ఎక్కేది కాల్గరీ విమానమేనని చూసుకుని, డబ్బా అటూ ఇటూ తిప్పి, భద్రంగా తిరిగి నా చేతిలో పెట్టింది. ఇంకా తెరవనేలేదు కదా, ఏ ఇబ్బందీ ఉండదని నవ్వుతూ చెప్పింది.

తెరవలేదా? అప్పుడు చూశాను. మూత మీద సీలులా అంటించిన స్టాంపు చిరగకుండా అంటించినట్టే ఉంది.

గేటు దగ్గర కూర్చున్నాక డబ్బా ఆవిడ ముందు పెట్టి, ఇదేమిటని అడిగాను.

"గంజాయని తెల్సినంక నోట్లె ఎట్ల ఏస్కుంటనే?" అంది అత్తయ్య. "గా పిల్ల గంత దూరంకెల్లి ప్రేమతోని తెచ్చె. వద్దంటే చిన్నబోతది."

"మరి నొప్పి తగ్గిందన్నారుగా?"

"తగ్గిందనే అన్న. దేనితోని తగ్గిందో అన్ననా?"

నాకైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే నువ్వు ఊకుంటవా బిడ్డ? గా పూటనే ఫోన్ చేసి దాన్ని దెప్పుదువు."

నిజమే, దెప్పేదాన్ని. విమానంలో నాలుగు గంటలూ అదే ఆలోచన. నీ డబ్బా మూతే తియ్యలేదని విద్య మొహం మీద అనేస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని ఊహించుకుని మురిసిపోయాను. పక్కన ఆవిడ మోకాళ్ళు పట్టేసి మూలుగుతుంటే మర్దనా చేస్తూనే మురిసిపోయాను.

కాల్గరీలో విద్య ఎదురొచ్చి ఆవిడని వాటేసుకుంది. మొదటి మాటే చుక్కల గురించి. ఇకనుంచి రోజూ తన చేత్తో తనే వేస్తానంది. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, బీపీ మందుతో అది కలపొద్దని డాక్టరు ఆపేశాడు అని అబద్ధం చెప్పాను. విద్య మొహం చిన్నబోయింది. మరి నొప్పికెలా అని అడిగింది. నూనె మర్దనా ఉందిగా, నేను నేర్పిస్తాను అన్నాను. ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. నాకున్నది అదొక్కటే విద్య, దాన్ని కూడా ఈ విద్యకే ధారపోయాలా?

మర్నాడు మధ్యాహ్నం నేర్పించాను. నూనె ఎంత వెచ్చగా ఉండాలో చెప్పాను, పిక్క ఎలా పట్టాలో చూపించాను. మోకాలి వెనక గుంటలో బొటనవేలు ఆనించే చోటు మాత్రం చెప్పలేదు. సాయంత్రం నా విమానం. అదొక్కటైనా నాతో రానీ అనుకున్నాను.

విద్య చెమటలు కక్కుతూ పావుగంట రుద్ది, ఎలా ఉంది అత్తయ్యా అని అడిగింది.

"మంచిగుంది బిడ్డ, మస్తు ఆరాం ఉంది."

ఫోన్లో చెప్పిన మాటే, అదే గొంతు. కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తోంది. పాపం, ఎంత నొప్పిగా ఉందో పళ్ళు బిగబట్టింది. మూడు నెలలు ఇలా మంచిగుంది, మంచిగుంది అంటూ నిద్ర లేకుండా పడి ఉంటుందన్నమాట. ఎనిమిది నెలల్లో నాతో ఆ మాట ఎందుకు అనలేదో అప్పుడు అర్థమైంది.

లేచి వెళ్ళి విద్య బొటనవేలు పట్టుకుని ఆ గుంటలో పెట్టాను. ఇక్కడ నొక్కి పట్టు, తొందరపడకు అన్నాను.

కాసేపటికి అత్తయ్య గురక మొదలైంది. నా గుండె భగ్గుమంది.

విద్య నీరసంగా నా వైపు చూసింది. "ఏమీ అనకుండానే నిద్రపోయారేంటక్కా? నచ్చలేదేమో?"

"అలవాటవుతుందిలే" అన్నాను. ఆ గురకకి అర్థం చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.