మాస్టారి ఫ్లెక్సీ మీద కోడిపిల్లలు

రిటైరయ్యాక డ్రిల్లు మాస్టారి ఈల వినే నాథుడే లేకుండా పోయాడు.

బడిలో ఉన్నన్నాళ్ళూ ఆయన గుడ్లురిమితే వరసలో నిలబడ్డ పిల్లలకు తుమ్ము కూడా వెనక్కి పోయేది. కడుపునొప్పి సార్ అన్నవాడికి మైదానం చుట్టూ పరుగే మందు. కాలు బెణికిందన్నవాడికీ అదే మందు. జబ్బు అనేది ఒళ్ళొంగనివాళ్ళు పుట్టించిన మాటని ఆయన సిద్ధాంతం. అందుకే ఆయన భార్య తలనొప్పి వస్తే పక్కింటావిడతో చెప్పుకునేది గానీ ఆయన చెవిన వేసేది కాదు.

రిటైరైన కొత్తలో ఆయన తన విద్యను ఇంట్లోనే ప్రయోగించి చూశారు. పొద్దున్నే ఈల ఊదితే భార్య మిక్సీ వేసేది. మిక్సీ ఆగేసరికి ఆయనకు ఊపిరి అయిపోయేది. ఇక లాభం లేదని పార్కులో నడిచే మిత్రుల మీద పడ్డారు.

"ఈ కాలం కోళ్ళు సూదిమందుల మీద బతుకుతున్నాయండీ! మందూ మాకూ లేకుండా నేను పెంచి చూపిస్తా. ఒక్కొక్కటి ఉక్కుముక్కలా ఉండాలి," అని ఒకరోజు పార్కులో శపథం పట్టారు. పక్కనే నడుస్తున్న మాజీ బ్యాంకు మేనేజరు, "పెంచాక పిలవండి, వచ్చి చూస్తాం," అన్నాడు. ఆయన మాట వరసకే అన్నాడు. మాస్టారు మాత్రం ఆ సాయంత్రమే గుడ్లు పొదిగే పెట్టె, దానికి సరిపడా గుడ్లు కొని తెచ్చారు.

అప్పటికి కూతురు నెలల పిల్లాడితో పుట్టింట్లోనే ఉంది. మాస్టారు మనవణ్ణి రోజూ గుమ్మంలోంచి చూసి, తనిఖీకి వచ్చిన అధికారిలా "బాగున్నాడు" అని వెళ్ళిపోయేవారు. ఎత్తుకో నాన్నా అంటే, "మెడ నిలబడనీ" అన్నారు. మెడ నిలబడ్డాక "నడక రానీ" అంటున్నారు.

గుడ్లు పగిలాయి. తడి ఆరని పిల్లలు ఒకటొకటే బయటపడుతుంటే ఆయనకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. వాటికోసం అట్టపెట్టె, దాని మీద వెచ్చదనానికి బల్బు సిద్ధం చేశారు. కింద పరవడానికి పాత తువ్వాలు ఇస్తానంది భార్య.

"తువ్వాలు ఎవరు ఉతుకుతారు? తుడిస్తే పోయేది కావాలి," అని ఆయన బీరువా వెనకనుంచి తన సన్మాన సభ ఫ్లెక్సీ లాగారు. మధ్యలో ఆయన ఫోటో. కింద పెద్ద అక్షరాల్లో 'క్రమశిక్షణకు మారుపేరు'. పెట్టెకు సరిపడా కత్తిరించేటప్పుడు మొహానికి కత్తెర తగలకుండా నానా తంటాలూ పడ్డారు.

పిల్లలు ఆ మొహం మీద దిగాయి. దిగీ దిగగానే చేయాల్సిన పని చేశాయి. భార్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

అందులో ఒకటి లేవబోయి జారింది. మళ్ళీ లేచింది, మళ్ళీ జారి మాస్టారి మీసం మీద బోర్లా పడింది.

"బద్ధకం," అన్నారు మాస్టారు. ఈల తీసి ఊదారు. మిగతావన్నీ హడిలిపోయి మూలకు పోయాయి. అది మాత్రం రెక్కలు కొట్టుకుంటూ ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

మర్నాటికి దాని కాళ్ళు చెరోవైపుకు చీలిపోయి, పొట్ట నేలకు ఆనిపోయింది. మిగతావి దాన్ని తొక్కుకుంటూ నీళ్ళ దగ్గరికి పోతున్నాయి. ఇంకో రెండింటికి రెట్ట ఎండి వెనక బిరడాలా బిగుసుకుపోయింది. ఒకటైతే కళ్ళు మూసుకుని ఒళ్ళు ముడుచుకుని కూర్చుంది. మాస్టారు ఈల ఊదబోయి ఆగారు. కాళ్ళు చీలిన పిల్ల ఆయనకేసి మెడ ఎత్తి కీచుమంటోంది. ఇంత కంఠంతో తనను పిలిచినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. ఆయన ఈల తీసి జేబులో వేసుకున్నారు.

కాసేపటికి నాలుగు పిల్లల్నీ చెప్పుల పెట్టెలో పెట్టుకుని, మీద రుమాలు కప్పి, పార్కు దారి తప్పించి సందుల్లోంచి పశువుల డాక్టరు దగ్గరికి నడిచారు. డాక్టరమ్మ అడిగింది.

"ఎవరికండీ బాలేదు?"

"బాలేకపోవడం ఏం కాదు. కొంచెం... క్రమశిక్షణ తప్పాయి."

డాక్టరమ్మ రుమాలు తీసి చూసింది. "కాళ్ళు ఇలా పోయాయంటే, పెట్టెలో కింద ఏం పరిచారు?"

మాస్టారు నీళ్ళు నమిలారు. "ఒక... నున్నటి కాగితం లాంటిది."

"అదే కొంప ముంచింది. పుట్టిన పిల్లకి నున్నటి నేల మీద కాలు నిలవదండీ. ముందు దాన్ని తీసి అవతల పారేయండి."

"పారేయాలా?"

"ఏం, అంత ముఖ్యమైన కాగితమా?"

మాస్టారు రుమాలు మడతపెట్టసాగారు. ఆవిడ మెత్తటి పట్టీ ముక్కతో ఆ చిన్న కాళ్ళు రెండింటినీ ఎంత ఎడం ఉండాలో అంత ఎడంలో కలిపి కట్టింది. రెట్ట అంటుకున్నవాటిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో నానబెట్టి తుడవమంది. లాగితే చర్మం ఊడొస్తుందని, తడి ఆరేదాకా బల్బు కిందే ఉంచమని హెచ్చరించింది. ముడుచుకు కూర్చున్నదాన్ని చూసి మాత్రం, "దీనికి చుక్క చుక్కగా నీళ్ళు పట్టి చూడండి. ఏ మాటా చెప్పలేను," అంది.

ఇంటికొచ్చేసరికి భార్య పెట్టెలో పాత తువ్వాలు పరిచేసింది. ఫ్లెక్సీ పెరట్లో తీగ మీద తలకిందులుగా ఆరుతోంది. మాస్టారు చూసీ చూడనట్టు లోపలికి పోయారు.

ఆ రోజు నుంచి ఆయన పార్కు మానేశారు. పీట వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, కోడిపిల్లల వెనకభాగాలు తుడుస్తూ కూర్చున్నారు. "ఓర్చుకో తల్లీ, అయిపోయింది, అయిపోయింది," అని బుజ్జగిస్తుంటే వెనక కూతురు పిల్లాణ్ణి చంకనేసుకుని గుడ్లప్పగించి చూసింది.

"నాన్నా, నా చిన్నప్పుడు నాకెప్పుడైనా ఇలా చేశావా?"

"అప్పుడు నాకు డ్యూటీ ఉండేది," అన్నారాయన, తల ఎత్తకుండా.

"ఆదివారాలు కూడానా?"

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "ఆదివారం స్పెషల్ డ్రిల్లు ఉండేదే అమ్మాయ్!"

ముడుచుకు కూర్చున్న పిల్ల దక్కలేదు. చుక్క చుక్కగా నీళ్ళు పడుతూ ఉండగానే ఆయన అరచేతిలో మెడ వాల్చేసింది. చాలాసేపు ఆ చెయ్యి ముడవలేదు ఆయన. పెరట్లో మట్టి తవ్వి పాతిపెట్టి వచ్చి, అన్నం వద్దన్నారు. "ఒంట్లో బాగాలేదా?" అంది భార్య, అలవాటు కొద్దీ భయపడుతూనే.

"బాలేదే," అన్నారు మాస్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆవిడ వినడం అదే మొదటిసారి. ఏం చేయాలో తోచక ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చెయ్యి తీయమని ఆయనా అనలేదు.

పట్టీ విప్పాక కాళ్ళు చీలిన పిల్ల తూలుతూనే నిలబడింది. నాలుగు అడుగులు వేసి నూకల గిన్నెలో దూకింది. మాస్టారు కేకలు పెట్టి ఇంటిల్లిపాదినీ పోగుచేశారు. మాస్టారు కనిపించడం లేదేమిటా అని బ్యాంకు మేనేజరు గుమ్మంలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే.

మాస్టారి వెన్ను ఒక్కసారిగా నిటారైంది. గొంతు పాత స్థాయికి లేచింది. "చూశారా! మందూ మాకూ లేదు. ఒట్టి క్రమశిక్షణ! జబ్బు అన్న మాట ఈ ఇంటి ఛాయలకు రాదు!"

"ఆ కింద పడున్న పట్టీ ఏమిటండీ?"

"అదా... అది ఒక రకం వ్యాయామం."

అంతలో లోపల్నుంచి కూతురు కేకేసింది. "నాన్నా! గోరువెచ్చటి నీళ్ళూ దూదీ పెట్టాను. కోడిపిల్లలకు చేసిన చేతులే కదా, బాబుకి కూడా చేద్దువుగాని రా. నేను స్నానానికి పోవాలి."

బ్యాంకు మేనేజరు మాస్టారికేసి చూశాడు. మాస్టారు గోడ గడియారంకేసి చూశారు. మనవడు ఆరున్నొక్కరాగం అందుకున్నాడు. ఆ కీచుగొంతు విన్నాక ఆయన కాళ్ళు వరండాలో నిలవలేదు.

లోపల ఆయన దూది ముంచుతుంటే కూతురు తలుపు దగ్గరే నిలబడి చూసింది. పిల్లాడు ఏడుపాపి ఆయన మీసం పట్టుకుని లాగాడు. "లాక్కోరా, అది నీదే," అన్నారాయన. కూతురు స్నానం సంగతి మర్చిపోయింది.

"ఏం చేస్తున్నారు మాస్టారూ లోపల?" వరండాలోంచి మేనేజరు గొంతు.

మాస్టారు ఏదో గంభీరంగా చెప్పబోయి, పిల్లాడి మొహం చూసి మానేశారు. "మనవడికి గుడ్డ మారుస్తున్నానండీ!"

"అది మీకు వచ్చా?"

"వచ్చేస్తోంది. మీరూ రండి, మీ ఇంట్లో కూడా మనవరాలు ఉంది కదా, నేర్పిస్తాను!"

బ్యాంకు మేనేజరుకు ఉన్నట్టుండి ఇంట్లో అర్జెంటు పని గుర్తొచ్చింది.