సంతకానికి ఇవతల

పిల్లలకు పాలు పోసే కేంద్రం చూడటానికి అధికారి వస్తున్నాడని కబురు రాగానే మగ్దలీనమ్మ వరండా అంతా పేడనీళ్ళతో అలికి, డేగిసాలు ఇసకతో తోమి బోర్లించింది. వెనక గదిలో ఆమె భర్త సమాధానం మంచంమీద పడుకొని ఉన్నాడు. తాటాకు కొట్టబోయి చెట్టుమీదనుంచి పడి నడుము విరిగిననాటినుంచి అతనికి ఆ గదే లోకం. కేంద్రం నడిపే మనిషికి ఆ గది ఉండటానికిస్తారు. విడవలూరు అవతల, కేంద్రమున్న ఆ పాలెంలోనే వాళ్ళకున్న గుడిసె గాలివానకు ఎప్పుడో పోయింది.

సమితి గ్రామసేవిక ఆనందకుమారి పొద్దున్నే వచ్చి ఆమెను పక్కకు పిలిచింది.

"అక్కా, ఆయన రిపోర్టులో లోపాల గడి ఖాళీగా వదలడు. ఏదో ఒకటి పడాల అందులో. చిన్నది చూసి చెప్పు."

"మధ్యలో పాలపొడి రెండు నెలలు రాలేదని చెప్తే?"

"అది లోపం కిందికి రాదక్కా. నువ్వు సంతకం పెట్టిన అగ్రిమెంటులోనే ఉంది. పొడి రాకపోయినా, బావి ఉప్పుతేలినా అవి పరిస్థితులు. లోపమంటే సంతకానికి ఇవతల, మన పక్క జరిగేది."

"పైనించి పొడి రాకపోతే పరిస్థితి, పొడి లేదని పిల్లోళ్ళు రాకపోతే నా లోపమా?"

"అంతే. నవ్వుతావేందక్కా?"

"ఏడిస్తే అది గూడా రాసుకుంటారేమోనని."

జీపు వచ్చేసరికి ఎండ ఎక్కింది. అధికారి పద్మనాభయ్య చెడ్డవాడేమీ కాదు. పిల్లల గోళ్ళు చూశాడు, పాలు తానూ ఒక గుక్క తాగి బాగున్నాయన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, చాపమీద కొంగులు తలలనిండా కప్పుకొని కూర్చున్న తల్లులవైపు తిరిగాడు.

"భయపడొద్దమ్మా. ఇక్కడ ఏమేం లోపాలున్నాయో మీరే చెప్పండి. చెబితేనే గదా బాగుచేసేది."

ఆ మాట వినగానే మగ్దలీనమ్మ చప్పున చాపవైపు తిరిగింది. శుక్రవారం శుక్రవారం ఇదే వరండాలో, ఇదే చాపమీద స్త్రీల ప్రార్థనకూటం జరుగుతుంది. లోపాలు చెప్పుకోమంటే ఎవరి లోపం వాళ్ళే లేచి చెప్పుకోవాలి. పక్కింటామె మాట ఎత్తితే కూర్చోబెట్టేస్తారు. ఏళ్ళ తరబడి వాళ్ళకు ఆ అలవాటు నేర్పింది మగ్దలీనమ్మే.

రెబెక్కమ్మ అందరికంటే ముందు లేచింది. "లోపం నాదేనయ్యా. నాట్లకు పొయ్యేటప్పుడు పిల్లోణ్ణి గెనెం గట్టుమీద కూసోబెట్టుకుంటా గాని ఈడికి తోలను."

అధికారి రాసుకున్నాడు. గుంజ దగ్గర నిలబడ్డ ఆనందకుమారి చెయ్యి అడ్డంగా ఊపింది. ఎవరూ అటు చూడలేదు.

"నాదీ ఉందయ్యా," అని పేరమ్మ లేచింది. "నా బిడ్డ పాలు చెంబులో పోసుకొని ఇంటికి తీసకపోయి మా అత్తకు తాపినా. ఒకరోజు గాదు, శానా రోజులు. ముసల్ది ఆకలని ఏడుస్తా ఉంటే ఓర్చుకోలేకపోయినా."

"నేనూ అట్నే చేసినా," అని ఇంకో గొంతు వెనకనుంచి వచ్చింది.

చెప్పుకున్నవాళ్ళ ముఖాలు శుక్రవారంనాటిలాగే తేలికపడ్డాయి. అధికారి కలం మాత్రం ఆగిపోయింది.

"ఇది చాలా పెద్ద మాటమ్మా. పిల్లల పాలు ఇళ్ళకు తరలిస్తే ఆ ఇళ్ళ పిల్లల పేర్లు తీసెయ్యాలి. నేను వద్దనుకున్నా కుదరదు."

పేరమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చాపమీద కూర్చుండిపోయింది. ఆమె కూతురు గ్లాసు అడుగున మిగిలిన నురగను వేలితో తీసి నాకుతూ ఉంది.

మగ్దలీనమ్మ లేచింది. "సార్, లోపం నాది. పాలు ఇంటికి తీసకపొమ్మని చెప్పింది నేనే. వాళ్ళకేం తెలుసు?"

అది అబద్ధం. ఇక్కడే తాగించి పొమ్మని ఆమె రోజూ పోరుపెట్టేది. పద్మనాభయ్య బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

"అయితే పథకంలో లోపం లేదు. నిర్వహణలోనే ఉంది," అంటూ రాసి, ఆనందకుమారితో అన్నాడు: "కేంద్రం ఉంచమనే రాస్తున్నాను. మనిషిని మార్చాలి. నెలాఖరుకు కొత్తామె వస్తుంది. వెనక గది ఖాళీ చేయించండి."

లోపల మంచం కిర్రుమంది. జీపు కదిలిందో లేదో సమాధానం కేక పెట్టాడు.

"మేయ్! పో, పొయ్యి అబద్ధమని చెప్పు! నన్ను యాడ పండబెడతావు? రోడ్డుమీదా?"

మగ్దలీనమ్మ ఉత్త కాళ్ళతో పరుగెత్తింది. ఇసకలో దిగబడిన జీపు చక్రాల కింద డ్రైవరు తాటిమట్టలు వేస్తున్నాడు. ఆమె రొప్పుతూ వెళ్ళి తలుపు పట్టుకుంది.

"సార్, నేను చెప్పింది నిజం గాదు. నేను చెప్పలా వాళ్ళకు."

అధికారి కోప్పడలేదు. కాగితాలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "సరేనమ్మా, కొట్టేస్తాను. పాలు తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు చెప్పు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరండాలో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఇటే చూస్తున్నారు. పేరమ్మ కూతుర్ని చంకన వేసుకొని గుంజకు ఆనుకొని ఉంది. రెండే పేర్లు. రెండు పేర్లు నోటినుంచి జారితే గది నిలుస్తుంది.

"మా ఆయన లేవలేడు సార్," అంది.

"పాపం," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "కానీ దాన్ని ఏ గడిలో రాయనమ్మా?"

చక్రం పట్టు దొరికి జీపు ముందుకు ఉరికింది. తలుపు ఆమె చేతిలోనుంచి జారిపోయింది.

తిరిగి వచ్చేసరికి పేరమ్మ ఆమె కాళ్ళమీద పడబోయింది. "లేమ్మా, ముందు మిగిలిన పిల్లోళ్ళకు పాలు పొయ్యండి, చల్లారిపోతాండాయి," అని మగ్దలీనమ్మ లోపలికి వెళ్ళింది.

"ఆపినావా జీపు?" అన్నాడు సమాధానం.

"ఆపినా."

"చెప్పినావా?"

మగ్దలీనమ్మ అతని నడుము కింద చెయ్యి దూర్చింది. పుండ్లు పడకుండా ఈ వేళకు అతన్ని పక్కకు తిప్పాలి. "ఒత్తిగిల్లు," అంది.

అతను కదల్లేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. కాసేపటికి అతని కళ్ళు నిండాయి.

"యాడికి పోదామే?"

మగ్దలీనమ్మ రెండో చెయ్యి కూడా దూర్చి, బలమంతా పెట్టి అతన్ని పక్కకు తిప్పింది.