బియ్యం పడవల బొమ్మ

నర్సీపట్నంలో ఆ చర్చి కోతపండుగ అంటే మొదటి కుంచెడు బియ్యం కృపామణి టీచర్ చేతుల మీదుగానే పడాలి, అదీ పడవల బొమ్మ ముందు. ఎవరో మిషనరీ దొర పెన్సిల్‌తో గీసిన బొమ్మ అది, మూలన 1866 అని ఉంటుంది. కరువుకు జనం పిట్టల్లా రాలిపోతుంటే సముద్రం మీద బియ్యం పడవలు వచ్చాయట. కృపామణి తాతకు తాత యాకోబు మెడలోతు నీళ్లలో దిగి బస్తాలు మోశాడట. ఆ కథ చెప్పే హక్కు వాళ్లింటిది. ముప్పై ఏళ్లుగా ఆవిడే చెబుతోంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగా చెబుతుంది.

ఈ ఏడు పండుగకు ముందురోజు, అద్దం తుడుద్దామని బొమ్మను ఇంటికి తెచ్చి వరండాలో పెట్టింది. అప్పుడే చేపల మత్స్యలింగం బండి ఆపాడు. నక్కపల్లి అవతల సముద్రపొడ్డున పుట్టి, సగం జీవితం వేటలోనే గడిపినవాడు. చేపలు తూస్తూ తూస్తూ బొమ్మకేసి చూశాడు.

"ఏటండీ, ఇయ్యి ఎల్లిపోతన్న పడవలు కదా!"

"వస్తున్నాయయ్యా. బియ్యం తెస్తున్నాయి."

"బలేవోరే! ఒడ్డుమీద పొగ ఎటు పోతందో సూడండి. సముద్రంలోకి. తెరసాపలన్నీ అటే పొంగేయి. ఈ గాలికి తెరసాప ఎత్తినోడు ఒడ్డుకెలా వస్తాడండీ? పైగా సముద్రంలోకి పోయిన పడవ కూడా అంచులదాకా ములిగే ఉంది. సరుకు దింపేసినదైతే తేలాలి గదా. ఇయ్యి ఎక్కించుకుని పోతన్నాయి."

చేపలిచ్చి తన దారిన తాను పోయాడు. కృపామణి బొమ్మను దగ్గరికి లాక్కుని చూసింది. అయ్యో, చిన్నప్పటినుంచీ చూస్తున్న బొమ్మే కదా! కొండల దాపున పుట్టిన మనుషులు, తాండవ ఏటి నీళ్లు తప్ప ఎరగనివాళ్లు, పడవంటే వస్తుందనే అనుకున్నారు. ఇప్పుడు చూస్తే ఒడ్డున ఉన్నవాళ్ల గంపలన్నీ ఖాళీ. నీళ్లలో బస్తా ఎత్తినవాడి ముఖం పడవ వైపే ఉంది. ఆకలిగొన్నవాళ్ల నోటి దగ్గరి కూడు పడవెక్కించింది తమ యాకోబే. ఆ పూట ఆవిడ చేపలు వండనేలేదు.

నిజం చెబితే ఇంటి పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధం ఆడాలి. చెప్పేద్దామనే తెల్లారేసరికి తేల్చుకుంది. ఆరాధనకు ముందే పుష్పవతి పిన్నిని చర్చి వెనక్కి తీసుకెళ్లింది. ఆ కరువులో ఆరుగురిని పోగొట్టుకున్న ఇల్లు వాళ్లది. ముందు ఆవిడ కాళ్లు పట్టుకోవాలనుకుంది.

"పిన్నీ, ఆ పడవలు బియ్యం తేలేదు, పట్టుకుపోయాయి. మా తాతే ఎక్కించాడు. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను."

ఎలా తెలిసిందో అంతా చెప్పింది. పుష్పవతి విని కృపామణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సెప్పకమ్మా. మిగిలినోల్లు ఆ బియ్యం తినే బతికారని మాయమ్మ సచ్చేదాకా పార్దన సేసేది. దేవుడు మమ్మల్ని సూసేడనుకున్నాం. సూడనేలేదని ఇయ్యాల సెప్తావేటి? నీకు బరువు దిగిపోద్ది. మాకేటి మిగుల్తాది?"

గంట కొట్టారు. కృపామణి కుంచం పట్టుకుని బొమ్మ ముందు నిలబడింది. మూడో వరసలోంచి పుష్పవతి ఆమెనే చూస్తోంది.

"కరువులో దేవుడు పడవలు పంపాడు," అని మొదలుపెట్టింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోతున్నా ఆపలేదు. బస్తా తరవాత బస్తా, అన్నీ ఒడ్డుకు దింపించింది.

కథ అవగానే పుష్పవతి లేచి వచ్చి, అందరికంటే ముందు, ఆమెకు రెండు చేతులూ జోడించింది.

"మీ యాకోబు తాత పెట్టిన కూడే తల్లీ మాది," అంది, చివరి వరస దాకా వినబడేలా.

కృపామణి తల ఊపింది.